ఎడారికి వెళ్ళే ముందు కళింగపట్నం ఇసకలో: ఒంటి చెట్టు ఫోటో ఎలా తీయాలి

చలికాలం వస్తోందంటే చాలు, మా స్నేహితుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి "జైసల్మేర్ వెళ్తున్నాం, ఏ లెన్స్ పట్టుకెళ్ళమంటావు?" అని అడుగుతారు. లెన్స్ సంగతి తర్వాత, ముందు నాలుగు రోజులు తెల్లవారుజామున లేచి మా శ్రీకాకుళం జిల్లా తీరంలోని కళింగపట్నం వెళ్ళండి, ఇసకలో ఉన్న ఒక్క తాటిచెట్టును సరిగ్గా తీసి రండి అంటాను. వెటకారం చేస్తున్నాననుకుంటారు. కాదండీ, ఆ పని చేయకుండా వెళ్ళి దెబ్బతిన్నవాణ్ణి నేను.

జైసల్మేర్‌కి 40 కిలోమీటర్ల దూరంలో సామ్ అని ఇసకతిన్నెలుంటాయి. మూడు రోజులు అక్కడే తిరిగాను, తొమ్మిది వందల ఫోటోలు తీశాను, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేసి చూస్తే ఒక్కదాంట్లోనూ చెట్టు నిలబడలేదు. అందరూ చేసేదే నేనూ చేశాను, తిన్నె పైకెక్కి కిందకి చూస్తూ తీశాను. కళ్ళకి బ్రహ్మాండంగానే కనిపించింది. ఫోటోలో మాత్రం గోధుమరంగు ఇసక, దాని మీద గోధుమరంగు కొమ్మలు, చెట్టు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే గానీ మా ఆవిడకి తెలియలేదు. పైగా అది ఏదో తెలియని చెట్టు కూడా కాదు. అక్కడ ఖేజ్రీ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, మనం దసరాకి పూజ చేసే జమ్మిచెట్టే.

అప్పట్నుంచి నేను పట్టుకున్నది ఒక్కటే: చెట్టుకీ దాని వెనక ఉన్నదానికీ తేడా ఉండాలి. వెనక ఆకాశమైనా ఉండాలి, ఎండ పడిన కొండైనా ఉండాలి, మంచైనా ఉండాలి. చెట్టు రంగే వెనకా ఉంటే లక్ష రూపాయల కెమెరా కూడా ఏమీ చేయలేదు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ తేడా తెచ్చుకునే పద్ధతులే.

మొదటి పని, చెట్టు చుట్టూ తిరగడం. కెమెరా సంచిలోంచి తీయకండి. శ్రీకాకుళం నుంచి బండి మీద ముప్పావు గంటలో కళింగపట్నం వచ్చేస్తారు. లైట్‌హౌస్, పార్కు వదిలేసి, వంశధార సముద్రంలో కలిసే వైపు కాస్త నడిస్తే జనం తగ్గిపోతారు. సరుగుడు తోటలకి దూరంగా ఒంటరిగా ఉన్న చెట్టు ఒకటి చూసుకోండి, తాడి కావచ్చు, కొబ్బరి కావచ్చు. దాని చుట్టూ పూర్తిగా ఒక చుట్టు తిరగండి. ఒక వైపు నుంచి కరెంటు స్తంభం దాని నెత్తి మీద మొలిచినట్టుంటుంది, ఇంకో వైపు వెనక సరుగుడు తోట నల్లగా అడ్డొస్తుంది, మరో వైపు పడవలుంటాయి. ఎక్కడో ఒక చోట, పది అడుగుల మేర మాత్రమే, చెట్టు తల చుట్టూ ఖాళీ ఆకాశం కనిపిస్తుంది. అక్కడ చెప్పు కాలితో గీత గీసుకోండి. రేపు పొద్దున్న చీకట్లో వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. గాలికి గీత పోతుందని అనుమానముంటే ఒక కర్ర పాతండి.

రెండోది కెమెరా ఎత్తు. నేను సామ్‌లో బోల్తా కొట్టింది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. చదునైన నేల మీద, మీ కెమెరా నేలకి ఎంత ఎత్తులో ఉంటే సముద్రపు అంచు గీత, అదే ఆకాశమూ నీళ్ళూ కలిసే గీత, చెట్టు మానును సరిగ్గా అంత ఎత్తులోనే కోస్తుంది. మీరు నిలబడి తీస్తే ఐదడుగుల దగ్గర కోస్తుంది. ఇసకలో కూర్చుని కెమెరాను అడుగు ఎత్తులో పెడితే అడుగు దగ్గరే కోస్తుంది, మిగతా చెట్టంతా ఆకాశంలో నిలబడుతుంది. నమ్మకపోతే ఇప్పుడే ఫోన్ తీసి మెల్లగా కూర్చుంటూ లేస్తూ చూడండి, ఆ గీత చెట్టు మీద ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. యాభై అడుగుల తాడికి ఇది పెద్ద సమస్య కాదు, ఎలా తీసినా తల ఆకాశంలోనే ఉంటుంది. కానీ ఎడారిలో జమ్మి చాలాసార్లు మనిషికి రెండింతలే ఉంటుంది. పదిహేను అడుగుల తిన్నె ఎక్కి నిలబడ్డారంటే గీత చెట్టు కొసని కూడా దాటి పైకి పోయినట్టే, చెట్టు మొత్తం ఇసకలో మునిగిపోతుంది. కాబట్టి తిన్నె దిగండి, వీలైతే చెట్టున్న చోటి కంటే కిందకి దిగండి, పొట్ట మీద పడుకోండి. బట్టలు పాడవుతాయి, పర్వాలేదు.

ఇక్కడ దీన్ని సాధన చేయాలంటే తాడి కన్నా మొగలి పొదలు మేలు, పొట్టిగా ఉంటాయి కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. ముందుభాగంలో వేయడానికి ఇసక మీద దొర్లే ముళ్ళ బంతులుంటాయి చూడండి, రావణాసురుడి మీసాలంటాం, అవి బావుంటాయి. మోకాలు ఆనించే ముందు మాత్రం చూసుకోండి, గుచ్చుకుంటే ఆ రోజంతా గుర్తుంటుంది.

మూడోది వేళ. మా వైపు జూన్‌లో 5:20కే పొద్దు పొడుస్తుంది, జనవరిలో 6:30 అవుతుంది. దానికి నలభై నిమిషాల ముందే మీరు గీసుకున్న గీత దగ్గర ఉండాలి. అదే జైసల్మేర్‌లో జనవరిలో 7:30 దాటితే గానీ సూర్యుడు రాడు, గడియారం ఒకటే అయినా వాళ్ళు పడమటి కొసన ఉన్నారు కదా, మన అలవాటుకి ఐదింటికి వెళ్ళి చలిలో వణకకండి. సూర్యుడు రాకముందు ఆకాశం నీలంగా ఉండే ఇరవై నిమిషాలు నాకు అన్నిటికంటే ఇష్టం. చెట్టు నల్లటి గీతలా ఉంటుంది, ఇసక మీద నీడలుండవు, అలలు మెల్లటి షట్టర్‌లో పొగలా వస్తాయి. సూర్యుడొచ్చాక ఇంకో గంట. పొద్దు పొడిచిన ముప్పావు గంటకి చెట్టు నీడ దాని ఎత్తుకి ఐదారు రెట్లు పొడుగుంటుంది, ఇసక మీద గాలి గీసిన అలల గుర్తులు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. తొమ్మిదికల్లా అవన్నీ మాయమైపోతాయి. ఇసక అక్కడే ఉంటుంది, పక్కనుంచి పడే వెలుగు ఉండదు, అంతే. అప్పుడు కెమెరా మూసేసి టిఫిన్‌కి పోవడమే.

సూర్యుణ్ణి చెట్టు తలకి సమానంగా పెద్దదిగా చూపించాలని అందరికీ ఉంటుంది. అది లెన్స్‌తో అయ్యే పని కాదు, దూరంతో అయ్యే పని. చెట్టు తల ఎంత వెడల్పుందో దానికి సుమారు నూరు రెట్లు దూరం వెళ్ళండి. తాటి తల పది అడుగులుంటే వెయ్యి అడుగులు వెనక్కి నడవాలి, అక్కణ్ణించి సూర్యుడు సరిగ్గా ఆ తలలో ఇమిడిపోతాడు. ఇక అప్పుడు 200 ఎంఎం, వీలైతే 400 ఎంఎం లెన్స్ కావాలి. చంద్రుడికీ ఇదే లెక్క. పంచాంగం చూసుకుని పౌర్ణమికి ముందు రోజు, చతుర్దశి సాయంత్రం వెళ్ళండి, సూర్యుడు అస్తమించకముందే చంద్రుడు సముద్రం మీదకి వచ్చి ఉంటాడు, ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది కాబట్టి చెట్టూ చంద్రుడూ రెండూ వస్తాయి. పౌర్ణమి నాడు చంద్రుడు కాస్త పైకొచ్చేసరికి చీకటి పడిపోయి, చంద్రుడు తెల్లటి అట్టముక్కలా పడతాడు. ఇంకో మాట, లెన్స్‌లోంచి నేరుగా కంటితో సూర్యుణ్ణి చూడకండి, స్క్రీన్ మీదే చూడండి.

సెట్టింగుల గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ ఇక్కడే అతిగా ఆగిపోతారు. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, లెన్స్ రంధ్రం ఎఫ్8 లేదా ఎఫ్11, ట్రైపాడ్ మీద షట్టర్ ఎంత వస్తే అంత. ఎఫ్22 పెట్టకండి, ఫోటో మెత్తబడుతుంది. రా ఫైల్, అంటే కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైల్, తీయండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి, ఫ్రేమ్ నిండా ఎండ పడిన ఇసక ఉంటే కెమెరా భయపడి ఫోటోను చీకటి చేసేస్తుంది, తెల్లటి ఇసక బూడిదలా వస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో పడే వెలుగు, +0.7 లేదా +1 పెంచాలి. చెట్టును నల్లటి నీడలా తీయాలంటే దానికి పూర్తిగా వ్యతిరేకం, -1 నుంచి -2 దాకా తగ్గించాలి. ఫోన్‌తో తీసేవాళ్ళు అంతా చూపిస్తుంది కదా అని జూమ్‌లో 0.5 నొక్కకండి, చెట్టు అగ్గిపుల్లంత అయిపోతుంది. 1 లేదా 2 మీద ఉంచి, ఆకాశం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుగును కిందకి లాగండి. హెచ్‌డీఆర్ ఆపేయండి. అది నీడల్ని కూడా వెలిగించి చెట్టును మాసిన బట్టలా చేస్తుంది. అన్నిటికంటే ముందు లెన్స్ తుడవండి, సముద్రం పక్కన పది నిమిషాలకే ఉప్పు పొర కడుతుంది.

ఇక ఇసక. ఎటు నడవాలో ఆలోచించుకోకుండా ఒక్క అడుగు కూడా వేయకండి. మీ ముందు ఉన్న తీరంతా ఇంకాసేపట్లో మీ ఫోటోలో ఉండబోతోంది. నేను చెట్టు దగ్గరకి వెళ్ళి ముట్టుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి కెమెరా పెట్టిన రోజులున్నాయి, ఫోటో మధ్యలోంచి నా చెప్పుల గుర్తులే. జైసల్మేర్‌లో సాయంత్రం తిన్నెలన్నీ ఒంటెలు, జీపులు, జనం తొక్కేసి ఉంటాయి. గాలి వీచిన రాత్రి తర్వాత తెల్లారేసరికి ఆ గుర్తులన్నీ చెరిగిపోతాయి. అందుకే అక్కడ సాయంత్రం కంటే పొద్దున్నే మేలు.

సరే, ఆకాశం వెనక లేకపోతే? నమీబియాలో డెడ్‌వ్లే అని ఒక చోటుంది, నల్లటి ఎండు చెట్లు, వెనక నిప్పులాంటి నారింజ రంగు ఇసకకొండ, మీరు ఎక్కడో చూసే ఉంటారు. వందల ఏళ్ళ కిందట ఇసకతిన్నెలు అడ్డొచ్చి నీళ్ళు రావడం ఆగిపోయాక చచ్చిపోయిన చెట్లవి, గాల్లో తేమ లేక కుళ్ళకుండా అలాగే నిలబడ్డాయి. అక్కడ చెట్టు వెనక ఆకాశం లేకపోయినా చెట్టు ఎందుకు తెలుస్తుందంటే, పొద్దున్నే చెట్లున్న నేల ఇంకా నీడలో ఉంటుంది, వెనక కొండ మీద మాత్రం ఎండ పడుతుంది. నీడలో చెట్టు, ఎండలో కొండ. ఈ పని చేయడానికి నమీబియా దాకా పోనక్కర్లేదు. విజయనగరం జిల్లా రామతీర్థం చుట్టూ బోడి రాతికొండలున్నాయి కదా, బోధికొండ, గురుభక్తులకొండ, అటు వెళ్ళండి. ఒక కొండకి పడమటి వైపు పొద్దున్న చాలాసేపు నీడే ఉంటుంది. ఆ నీడలో గట్టు మీద తాటిచెట్టు, దాని వెనక ఎండ పడిన ఇంకో రాతికొండ దొరికే చోటు వెతకండి. అలాంటి చోటు దొరకడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది, దొరికాక మాత్రం పది నిమిషాల పని. కొండ పెద్దదిగా రావాలంటే చెట్టుకి దూరంగా జరిగి పొడుగు లెన్స్ వేయండి. వెడల్పు లెన్స్‌తో దగ్గరికి పోతే వెనక కొండ పుట్టలా కుంచించుకుపోతుంది.

మంచు మూడో దారి, అన్నిటికంటే సులువైనది కూడా. పుష్యమాసంలో నాగావళి ఒడ్డు పొలాల్లో మంచు పట్టిందంటే వెనక ఉన్న కరెంటు తీగలు, సెల్ టవర్లు అన్నీ చెరిగిపోయి, మీ ముందున్న ఒక్క చెట్టే మిగులుతుంది. మంచులో కూడా కెమెరా ఫోటోను చీకటి చేసేస్తుంది, +1 పెట్టండి. సోంపేట వైపు బీల అనే చిత్తడి నేల ఉంది, వాన నీళ్ళు నిలిచినప్పుడు చెట్టు నీడ తలకిందులుగా పడుతుంది, ఆకాశం తేటగా ఉన్న రోజు అక్కణ్ణించి మహేంద్రగిరి కొండలు నీలంగా కనిపిస్తాయి. శాలిహుండం కొండ మీద నుంచి వంశధార వంపు తిరగడం కనిపిస్తుంది, అయితే అది పురావస్తు శాఖ వాళ్ళది, ట్రైపాడ్ వేయాలంటే ముందే అనుమతి కనుక్కుని వెళ్ళండి.

రాత్రి తీయాలనుకుంటే అమావాస్యకి అటూ ఇటూ మూడు రోజులు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి రెండు దాటాక పాలపుంత నడుము సముద్రం మీద ఆగ్నేయంగా లేచి కనిపిస్తుంది. 500ని లెన్స్ ఎంఎంతో భాగించండి, 20 ఎంఎం అయితే 25 సెకన్లు, అంతకు మించితే నక్షత్రాలు గీతలవుతాయి. ఇది ఫుల్‌ఫ్రేమ్ కెమెరా లెక్క, చిన్న సెన్సర్ అయితే ఇంకా తగ్గించాలి. చేపల పడవల దీపాలు ఎటున్నాయో చూసుకుని నిలబడండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, చెట్టును వెలిగించాలని టార్చ్‌లు, ఫ్లాష్‌లు తిప్పకండి, వెలుగు చూస్తే తల్లి తాబేలు వెనక్కి వెళ్ళిపోతుంది, పిల్లలు దారి తప్పుతాయి. ఒంటరిగా వెళ్ళకండి, ఊళ్ళో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్ళండి. తీరంలో అర్ధరాత్రి మూడు కాళ్ళ స్టాండ్‌తో మనిషి కనిపిస్తే ఎవరికైనా అనుమానమే కదా.

ఊళ్ళోవాళ్ళతో మాట్లాడటం మర్యాద కోసమే కాదు, ఫోటో కోసం కూడా. ఒకసారి గార మండలంలో ఒక తాడి ముందు పడుకుని ఉంటే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చి ఆగాడు. "ఏటి బాబూ, సెట్టుకి ఫొటో తీస్తన్నావా? దానికేటి పెళ్ళి సంబంధం సూస్తన్నావేటి?" అన్నాడు. నవ్వి, లేచి, స్క్రీన్ చూపించాను. కాసేపు చూసి, "రేపెల్లుండిలో మట్టలు కొట్టేస్తారు, తీసుకుంటే ఇయ్యాలే తీసుకో" అన్నాడు. నిజమే, తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి కల్లు గీతకని తల చెక్కేసి ఉంది, గుండ్రటి గొడుగు పోయి కుంచెలా అయింది, రెండు కుండలు వేలాడుతున్నాయి. నిజం చెప్పాలంటే ఆ కుండలున్న ఫోటోయే నాకు ఎక్కువ నచ్చింది. రాజస్థాన్‌లో కూడా ఇంతే, చలికాలంలో పశువుల మేతకని జమ్మి కొమ్మలు నరికేస్తారు, మీరు కలలుకన్న గుబురు చెట్టు బదులు పిడికిలిలాంటి మొండెం ఎదురవుతుంది. దాన్ని అలాగే తీయండి. కానీ ఫ్రేమ్‌కి అడ్డొచ్చిందని మీరు మాత్రం ఒక్క రెమ్మ కూడా విరవకండి. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీలో ఈ చెట్లను నరకనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు, అలాంటి నేల మీద కొమ్మ విరిచి ఫోటో సర్దుకుంటారా?

వాయిదా కూడా వేయకండి. కవిటి వైపు ఒక కొబ్బరిచెట్టు ఉండేది, సముద్రం వైపు వంగి, మళ్ళీ పైకి లేచి, కొక్కెంలా. వెలుగు బాలేదని రెండుసార్లు తీయకుండా వచ్చేశాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది, కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో తోటలకి తోటలే పడిపోయాయి. మనుషుల బతుకులే కూలిపోయిన చోట నా ఫోటో గొడవ ఎవరికి కావాలి గానీ, అప్పట్నుంచి నచ్చిన చెట్టు కనిపిస్తే మిట్టమధ్యాహ్నమైనా ఫోన్‌తో ఒకటి తీసిపెట్టుకుంటున్నాను.

ఇంటికొచ్చాక రంగుల దగ్గర నిగ్రహం ఉండాలి. కళింగపట్నం ఇసకను లాగి లాగి జైసల్మేర్ ఇసకలా చేసేవాళ్ళున్నారు. మన ఇసక లేత బూడిద కలిసిన పసుపు, పొద్దున్న పూట కాస్త గులాబీ, దాన్ని అలాగే ఉండనివ్వండి. కాంట్రాస్ట్ కొంచెం పెంచి, చెట్టు అంచు దగ్గర తెల్లటి గీత రాకుండా షార్ప్‌నెస్ తగ్గించండి.

చివరగా సామాను. గాలి వీస్తుంటే ఇసకలో లెన్స్ మార్చకండి, బండి డిక్కీలోనో సంచిలోపలో మార్చండి. నా జూమ్ లెన్స్ రింగులోకి ఇసక పోతే బాగుచేయడానికి ఇచ్చాను, నెలన్నర తర్వాత బిల్లుతో పాటు అదే కరకర శబ్దంతో తిరిగొచ్చింది. ట్రైపాడ్ కాళ్ళను ఇసకలో బాగా లోపలికి గుచ్చండి, లేకపోతే అల వచ్చి వెళ్ళినప్పుడల్లా అంగుళం కుంగుతుంది. ఇంటికి రాగానే కాళ్ళు పూర్తిగా బయటికి లాగి మంచినీళ్ళతో కడగండి, ఆరాకే మడవండి, ఉప్పు పట్టిన స్క్రూలు వారంలో బిగుసుకుపోతాయి. దులిపే పని మాత్రం పెరట్లోనే పెట్టుకోండి. నేను ఒకసారి హాల్లో దులిపాను, ఆ ఇసక ఇప్పటికీ సోఫా కింద తగులుతూనే ఉందని మా ఆవిడ అంటుంది.